కుక్కపిల్ల తుంటికీలు

మనవారు ఆల్సేషియన్ అని పిలుచు జర్మన్ షెపర్డ్ కుక్కపిల్ల ఎనిమిది వారముల వయస్సున బొద్దుగా నుండి, చెంగుచెంగున గంతులు వేయును. అంతకన్న చిన్న పిల్లలను అమ్మరాదని మన దేశములో 2017 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. కాని ఎనిమిది వారముల పిల్ల గంతులను చూచి దాని కీళ్లు గట్టివని నిర్ణయించుట పొరపాటు. పెద్దజాతులను ఎక్కువగా పీడించు తుంటికీలు లోపము ఆ వయస్సున కంటికి కనబడదు.

తుంటియందు గిన్నెవంటి గుంట యొకటి గలదు. రుబ్బురోలులో పొత్రమువలె, తొడయెముక గుండ్రని తల అందులో అమరి తిరుగును. పిల్ల పుట్టినప్పుడు కీలు ఇంచుమించు సరిగానే యుండును. పెరుగుచున్న కాలమున పట్టు వదులైనచో, ఎముక తల అటునిటు జారుచు మృదులాస్థిని అరగదీయును. గుంట లోతు తగ్గును. క్రమముగా కుక్క మెట్లెక్కుటకు వెనుదీయును, లేచునప్పుడు బాధపడును, కుంటును. కుక్కలలో ఈ లోపమును అమెరికా పశువైద్యుడు ష్నెల్లె 1935లో వర్ణించెను.

దీనికి కారణమైన జన్యువు ఒకటి కాదు, పెక్కు గలవు. కనుకనే చక్కగా పరుగెత్తు తల్లిదండ్రులకు సైతము లోపముగల పిల్లలు పుట్టవచ్చును. చూడవలసినది ఆ తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే చిత్రములను. అమెరికాలో ఇట్టి చిత్రములను పరీక్షించుటకు 1966లో ఏర్పడిన సంస్థ రెండేండ్లు నిండిన కుక్కలకే తుది యోగ్యతాపత్రము నిచ్చును. బాధ్యతగల పెంపకందారు తల్లికుక్కను చూపును, పత్రమును చూపును, తాత అవ్వల సంగతియు చెప్పును. “మా కుక్కలకు అట్టి జబ్బులు లేవండీ” అను మాట పత్రమునకు బదులు కాజాలదు. పత్రమున్నను పూర్తి హామీ లేదు. ముప్పు తగ్గును, అంతే.

మిగిలినది కొన్నవాని చేతిలో నున్నది. 48 లాబ్రడార్ పిల్లలను జతలు చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండవదానికన్న 25 శాతము తక్కువ తిండి పెట్టి, జీవితాంతము పరిశీలించిరి. తక్కువ తిన్నవాటిలో తుంటిలోపము తక్కువగా కనబడెను. 2002లో ప్రకటించిన లెక్క ప్రకారము వాటి మధ్యస్థ ఆయువు 13 ఏండ్లు. రెండవ గుంపుది 11.2 ఏండ్లు. ప్రేమతో గిన్నె నింపువారికి ఈ సంగతి రుచింపదు. ఎముకలు బలపడునని సమతులాహారముపై అదనముగా కాల్షియము మాత్రలు వేయుటయు పెద్దజాతి పిల్లకు హానికరమే; లేతవయస్సున దాని ప్రేగులు అధిక కాల్షియమును అడ్డుకొనలేవు.