సన్‌రైజర్స్ హైదరాబాదు వేలం ప్రాధాన్యతలు

సన్‌రైజర్స్ హైదరాబాదు ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐ.పి.ఎల్.) లో హైదరాబాదు నగరానికి ప్రాతినిధ్యం వహిస్తున్న ట్వంటీ-20 క్రికెట్ జట్టు. ఒక సీజను ముగిసి మరొక సీజను మొదలయ్యే లోపు ఎవరిని అట్టిపెట్టుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, మిగిలిన సొమ్ముతో ఏ లోటును ముందుగా పూడ్చుకోవాలి అనే నిర్ణయాలే వేలం ప్రాధాన్యతలు. ఈ జట్టు జయాపజయాలకు ఆ నిర్ణయాలతో దగ్గరి సంబంధం ఉన్నది. మొదటి ఆరేళ్ళు బౌలింగ్ బలంపై నిలిచిన జట్టు, 2023 డిసెంబరు వేలం తరువాత బ్యాటింగ్ బలానికి మారుపేరుగా నిలిచింది.

నేపథ్యం

ఆటగాళ్ళను ఎంచుకునే పద్ధతి అన్ని దేశాలలో ఒకేవిధంగా ఉండదు. అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆరేళ్ళ సేవాకాలం పూర్తిచేసి, ఒప్పందం ముగిసిన ఆటగాడిని ఫ్రీ ఏజెంట్ అంటారు. అతడు తనకు నచ్చిన జట్టుతో స్వయంగా బేరం కుదుర్చుకోవచ్చు. 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఇచ్చిన తీర్పుతో ఆటగాళ్ళకు ఈ స్వేచ్ఛ లభించింది. అక్కడ జట్ల ఖర్చుకు కచ్చితమైన పరిమితి లేదు. నిర్ణీత మొత్తాన్ని దాటి ఖర్చుచేసిన జట్టు అదనపు పన్ను చెల్లించవలసి ఉంటుంది.

ఐ.పి.ఎల్.లో ఆటగాడు జట్టును ఎంచుకోడు; వేలంలో ఎక్కువ ధర పాడిన జట్టుకే అతడు ఆడాలి. అన్ని జట్లకూ ఖర్చు పరిమితి సమానం. 2022 సీజనుకు ఇది 90 కోట్ల రూపాయలు కాగా 2025 సీజనుకు 120 కోట్ల రూపాయలకు పెరిగింది. జట్టులో గరిష్ఠంగా 25 మంది ఆటగాళ్ళు ఉండవచ్చు. వారిలో విదేశీయులు ఎనిమిది మందికి మించరాదు. మైదానంలోకి దిగే పదకొండు మందిలో నలుగురికి మించరాదు. అందువలన ఒక ఆటగాడిపై పెట్టిన ప్రతి కోటీ మరొక స్థానానికి తగ్గిన కోటియే అవుతుంది.

దక్కన్ ఛార్జర్స్ అనుభవం

హైదరాబాదు తొలి ఐ.పి.ఎల్. జట్టు దక్కన్ ఛార్జర్స్. 2008 ఫిబ్రవరిలో జరిగిన మొదటి వేలానికి ముందు కొన్ని నగరాలకు ఒక్కొక్క ఐకాన్ ఆటగాడిని కేటాయించారు. జట్టులో అత్యధిక ధర పలికిన ఆటగాడి కంటే ఐకాన్ ఆటగాడికి 15 శాతం ఎక్కువ చెల్లించాలన్నది నియమం. హైదరాబాదుకు చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆ హోదాను వదులుకున్నాడు. దీనివలన జట్టుకు వేలంలో ఖర్చుచేయడానికి ఎక్కువ సొమ్ము మిగిలింది. జట్టు ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు, ఆడమ్ గిల్‌క్రిస్ట్‌ను 7 లక్షల డాలర్లకు తీసుకున్నది. రోహిత్ శర్మ, షాహిద్ అఫ్రిది, హర్షెల్ గిబ్స్, ఆర్.పి. సింగ్ కూడా ఆ జట్టులో ఉన్నారు.

ఇంతమంది పేరున్న ఆటగాళ్ళు ఉన్నప్పటికీ 2008లో జట్టు 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో విజేతగా నిలిచింది. ఆ సీజనులో అత్యధిక వికెట్లు తీసినవాడు ఆర్.పి. సింగ్. 2012లో దక్కన్ ఛార్జర్స్ రద్దు కాగా, హైదరాబాదు జట్టు హక్కులు సన్ టి.వి. నెట్‌వర్క్‌కు దక్కాయి.

బౌలింగ్‌కు పెద్దపీట (2013-2018)

సన్‌రైజర్స్ మొదటినుండీ బౌలర్లకు ప్రాముఖ్యత ఇచ్చింది. 2014 వేలానికి ముందు శిఖర్ ధావన్‌తో పాటు ఫాస్ట్ బౌలర్ డేల్ స్టెయిన్‌ను అట్టిపెట్టుకున్నది. వేలంలో డేవిడ్ వార్నర్‌ను 5.5 కోట్లకు, భువనేశ్వర్ కుమార్‌ను 4.25 కోట్లకు కొన్నది. 2016 వేలంలో బంగ్లాదేశ్ యువ బౌలర్ ముస్తాఫిజుర్ రహమాన్‌ను 1.4 కోట్లకు, ఆశిష్ నెహ్రాను 5.5 కోట్లకు తీసుకున్నది.

ఆ ఏడాది జట్టు ఏకైక ఐ.పి.ఎల్. టైటిల్‌ను గెలుచుకున్నది. వార్నర్ 848 పరుగులు చేయగా, భువనేశ్వర్ 23 వికెట్లతో సీజనులో అగ్రస్థానంలో నిలిచాడు. 2017లో 4 కోట్లకు వచ్చిన ఆఫ్ఘనిస్తాన్ లెగ్ స్పిన్నర్ రషీద్ ఖాన్‌ను 2018 వేలంలో రైట్ టు మ్యాచ్ కార్డు ద్వారా 9 కోట్లకు తిరిగి దక్కించుకున్నది. ఈ కార్డు ఉన్న జట్టు, తన పాత ఆటగాడికి వేలంలో పలికిన ధరను తానే చెల్లించి అతడిని తిరిగి తీసుకోవచ్చు. 3 కోట్లకు తీసుకున్న కేన్ విలియమ్సన్, వార్నర్ నిషేధానికి గురికావడంతో నాయకత్వం చేపట్టి 735 పరుగులు సాధించాడు. 2018లో జట్టు ఫైనల్ వరకు వెళ్ళి చెన్నై చేతిలో ఓడిపోయింది.

2022 వేలం, ఆ తరువాత

2021లో జట్టు చివరి స్థానంలో నిలిచింది. 2022 పెద్ద వేలానికి ముందు విలియమ్సన్‌ను 14 కోట్లకు, జమ్మూ కాశ్మీరుకు చెందిన అబ్దుల్ సమద్, ఉమ్రాన్ మాలిక్‌లను నాలుగేసి కోట్లకు అట్టిపెట్టుకున్నది. వార్నర్, రషీద్ ఖాన్ జట్టును వీడారు. రషీద్‌ను కొత్త జట్టు గుజరాత్ టైటన్స్ 15 కోట్లకు తీసుకోగా, ఆ జట్టు మొదటి ఏడాదే విజేత అయింది.

వేలంలో సన్‌రైజర్స్ నికోలస్ పూరన్‌కు 10.75 కోట్లు, వాషింగ్టన్ సుందర్‌కు 8.75 కోట్లు, రాహుల్ త్రిపాఠికి 8.5 కోట్లు, అభిషేక్ శర్మకు 6.5 కోట్లు వెచ్చించింది. పది జట్లలో ఎనిమిదవ స్థానం దక్కింది. ఏడాదికే విలియమ్సన్, పూరన్‌లను విడుదల చేసి, ఇంగ్లండు బ్యాట్స్‌మన్ హ్యారీ బ్రూక్‌ను 13.25 కోట్లకు కొన్నది. బ్రూక్ కోల్‌కతాపై ఒక శతకం సాధించినా, 2023 సీజను మొత్తంలో చేసినవి 190 పరుగులే. జట్టు చివరి స్థానానికి పడిపోయింది. అదే వేలంలో 5.25 కోట్లకు వచ్చిన దక్షిణాఫ్రికా ఆటగాడు హెన్రిచ్ క్లాసెన్ మాత్రం జట్టుకు మూలస్తంభంగా మారాడు.

2023 డిసెంబరు వేలం

బ్రూక్‌ను విడుదల చేయడంతో మిగిలిన సొమ్ముతో కలిపి 34 కోట్లతో జట్టు దుబాయి వేలంలో పాల్గొన్నది. ఈసారి ప్రాధాన్యతలు స్పష్టంగా కనిపించాయి: ఒక నాయకుడు, ఒక దూకుడైన ఓపెనర్. ఆస్ట్రేలియాను 2023 ప్రపంచ కప్ విజేతగా నిలిపిన పాట్ కమిన్స్‌కు 20.5 కోట్లు, అదే ప్రపంచ కప్ ఫైనల్లో శతకం చేసిన ట్రావిస్ హెడ్‌కు 6.8 కోట్లు వెచ్చించింది. కమిన్స్ ధర అప్పటికి ఐ.పి.ఎల్. రికార్డు. అదే రోజు మిచెల్ స్టార్క్‌ను కోల్‌కతా 24.75 కోట్లకు కొనడంతో ఆ రికార్డు చెరిగిపోయింది.

2024 సీజనులో హెడ్, అభిషేక్ శర్మల జంట ఆరంభ ఓవర్లలోనే మ్యాచ్‌లను మలుపు తిప్పింది. ఢిల్లీపై మొదటి ఆరు ఓవర్లలో 125 పరుగులు, బెంగుళూరుపై మూడు వికెట్లకు 287 పరుగులు నమోదయ్యాయి. అయితే చెన్నైలో జరిగిన ఫైనల్లో జట్టు 113 పరుగులకే ఆలౌట్ అయి కోల్‌కతా చేతిలో ఓడిపోయింది. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ స్టార్క్.

బ్యాటింగ్‌పై పెట్టుబడి

2025 పెద్ద వేలానికి ముందు జట్టు ఐదుగురిని అట్టిపెట్టుకున్నది: క్లాసెన్ (23 కోట్లు), కమిన్స్ (18 కోట్లు), అభిషేక్ శర్మ (14 కోట్లు), హెడ్ (14 కోట్లు), నితీష్ కుమార్ రెడ్డి (6 కోట్లు). మొత్తం 75 కోట్లు. మిగతా జట్టునంతా 45 కోట్లతోనే కూర్చుకోవలసి వచ్చింది. అందులోనే ఇషాన్ కిషన్‌కు 11.25 కోట్లు, మహమ్మద్ షమీకి 10 కోట్లు, హర్షల్ పటేల్‌కు 8 కోట్లు వెళ్ళాయి.

ఈ ఎంపికకు మూల్యం బౌలింగ్ విభాగంలో కనిపించింది. పదకొండేళ్ళు జట్టులో ఉన్న భువనేశ్వర్ కుమార్ 10.75 కోట్లకు బెంగుళూరుకు, టి. నటరాజన్ అదే ధరకు ఢిల్లీకి వెళ్ళిపోయారు. షమీ 2025 సీజనులో తొమ్మిది మ్యాచ్‌లలో ఆరు వికెట్లే తీశాడు. మొదటి మ్యాచ్‌లోనే రాజస్థాన్‌పై 286 పరుగులు చేసిన జట్టు చివరకు ఆరవ స్థానంతో సరిపెట్టుకున్నది. భువనేశ్వర్ చేరిన బెంగుళూరు ఆ ఏడాది విజేత అయింది. 2025 నవంబరులో షమీని లక్నో జట్టుకు బదిలీ చేశారు. డిసెంబరులో అబుదాబిలో జరిగిన వేలంలో సన్‌రైజర్స్ ఇంగ్లండు ఆల్‌రౌండర్ లియామ్ లివింగ్‌స్టోన్‌ను 13 కోట్లకు తీసుకున్నది.

స్థానిక ఆటగాళ్ళు

ప్రాధాన్యతల విషయంలో తెలుగు అభిమానులను ఎక్కువగా కలవరపెట్టే అంశం స్థానిక ఆటగాళ్ళ స్థానం. 2008లో ప్రతి జట్టూ తన ప్రాంతానికి చెందిన కనీసం నలుగురు ఆటగాళ్ళను తీసుకోవాలన్న నియమం ఉండేది. తరువాత అది కొనసాగలేదు. 2016 విజేత జట్టులో హైదరాబాదీ ఆశిష్ రెడ్డి ఉన్నాడు. 2017 వేలంలో హైదరాబాదు ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ సిరాజ్‌ను 20 లక్షల కనీస ధర నుండి 2.6 కోట్లకు కొన్నప్పటికీ, మరుసటి ఏడాది అతడు బెంగుళూరుకు వెళ్ళిపోయాడు. హైదరాబాదుకే చెందిన తిలక్ వర్మను 2022లో ముంబై 1.7 కోట్లకు తీసుకున్నది. దీనికి భిన్నమైన ఉదాహరణ విశాఖపట్టణానికి చెందిన నితీష్ కుమార్ రెడ్డి. 20 లక్షలకు జట్టులో చేరిన అతడు 2024లో ఉత్తమ వర్ధమాన ఆటగాడిగా ఎంపికై, 6 కోట్ల ఒప్పందం పొందాడు.

తెలంగాణ జిల్లాల క్రీడాకారులు వేలం వరకు చేరే మార్గం హైదరాబాదు క్రికెట్ సంఘం గుండా సాగుతుంది. మంచిర్యాల, ఆదిలాబాదు, కరీంనగర్ వంటి ప్రాంతాల యువకుడు జిల్లా పోటీలలో రాణించి, రాష్ట్ర జట్టులో చోటు సంపాదించి, సంఘం ద్వారా వేలానికి పేరు నమోదు చేయించుకోవాలి. వేలంలో అతడిని ఏ జట్టైనా కొనవచ్చు. ప్రస్తుత నియమాలలో సొంత రాష్ట్రపు జట్టుకు ఎటువంటి ప్రత్యేక హక్కు లేదు.