స్టేషన్ నమూనాకు ప్లాను ఎక్కడ దొరుకుతుంది?

సెలవుల్లో ఏదైనా చేతిపని నేర్పమని మన ట్రస్టు ఉపకార వేతనం అందుకుంటున్న పిల్లలు కొందరు అడిగారు. రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేసినవాణ్ణి కనుక నాకు వచ్చిన పని ఒక్కటే. అట్టతో, చెక్కతో రైల్వే కట్టడాల నమూనాలు చెయ్యడం. స్టేషను, గేటు గుమ్మటి, సిగ్నల్ క్యాబిన్, గ్యాంగ్‌మెన్ క్వార్టర్లు వగైరా. ఎవరు వచ్చినా మొదట అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: "మాస్టారూ, ప్లాను ఎక్కడ దొరుకుతుంది?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఈ వ్యాసంలో అందరికీ చెబుతున్నాను.

విదేశాల్లో ఇది పెద్ద అభిరుచి. అమెరికాలో 1934 నుంచి 'మోడల్ రైల్‌రోడర్', బ్రిటన్‌లో 1949 నుంచి 'రైల్వే మోడలర్' అనే పత్రికలు ఇందుకోసమే వస్తున్నాయి. కట్టడాల కొలతల బొమ్మలు అందులో అచ్చు వేస్తారు. అంగట్లో కిట్లు కూడా దొరుకుతాయి. ముక్కలు అతికిస్తే స్టేషను తయారవుతుంది. అయితే ఆ కిట్లలోని జర్మనీ స్టేషను తెచ్చి మన రంభ దగ్గరో, ఇచ్ఛాపురం దగ్గరో పెట్టి చూడండి, పెళ్ళిలో తప్పిపోయి వచ్చిన చుట్టంలా ఉంటుంది. మంచు జారిపోవడానికి కట్టిన నిటారు కప్పు మన ఎండలకు, మన వానలకు పుట్టింది కాదు. మన కట్టడాలు కావాలంటే మనమే మొదటి నుంచి చేసుకోవాలి. ప్లాను కూడా మనమే సంపాదించుకోవాలి.

బరంపురం నుంచి దక్షిణంగా వెళ్ళే రైలెక్కితే పలాస, పూండి దాటాక నౌపడ జంక్షన్ వస్తుంది. అక్కడి నుంచి పర్లాకిమిడి రాజావారు సొంత ఖర్చుతో వేయించిన చిన్న రైలు 1900లో నడవడం మొదలైంది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 1931 నాటికి అది గుణుపురం దాకా, మొత్తం సుమారు 90 కిలోమీటర్లు సాగింది. ఆ రైలు వచ్చిననాటికి పర్లాకిమిడి మన గంజాం జిల్లాలోనిదే. 1992లో గజపతి జిల్లా ఏర్పడేదాకా గంజాంలోనే ఉంది. 2004లో చిన్న రైలు ఆగిపోయింది. బ్రాడ్‌గేజ్ పట్టాలు పరిచి 2010లో పర్లాకిమిడి వరకు, 2011లో గుణుపురం వరకు పెద్ద రైళ్ళు నడిపారు. ప్రజలకు మేలు జరిగింది, కాదనను. కాని గేజ్ మారినచోట పాత కట్టడాలను ఎవరూ పట్టించుకోరు. ఢిల్లీలో 1977లో తెరిచిన జాతీయ రైల్ మ్యూజియంలో ఇంజన్లు, రాజుల పెట్టెలు భద్రంగా ఉన్నాయి. గేటు గుమ్మటిని మాత్రం ఏ మ్యూజియం వారూ తీసుకుపోరు. కనుక పాత కట్టడం ఒకటి మీ ఊళ్ళో ఇంకా నిలబడి ఉందంటే, దాని ప్లాను ఎక్కడుందో వెతుకుతూ కూర్చోకండి. ఆ కట్టడమే ప్లాను. టేపు పట్టుకుని వెళ్ళండి.

వెళ్ళేముందు స్టేషన్ సూపరింటెండెంట్ గారిని కలిసి, ఎవరో, ఏం చదువుతున్నారో చెప్పి అనుమతి అడగాలి. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్యాలి. అనుమతి లేకుండా పట్టాల మీద నడవడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచి, ఎలక్ట్రిక్ రైలు వచ్చేదాకా చప్పుడు వినబడదు. ప్లాట్‌ఫారం మీద నుంచి, రోడ్డువైపు నుంచి దొరికే కొలతలే చాలు.

కావలసినవి టేపు, నోటుబుక్కు, ఒక వెదురు కర్ర. కర్రకు సరిగ్గా అడుగుకొక గీత చొప్పున ఎరుపు, తెలుపు రంగులు వెయ్యండి. గోడకు ఆనించి నిలబెట్టి, గోడకు ఎదురుగా నిలబడి ఫొటో తియ్యండి. ఓరగా తీసిన ఫొటో అందంగా ఉంటుంది గాని కొలతకు పనికిరాదు. చెయ్యి అందే ఎత్తు వరకు టేపుతో కొలవండి. పైభాగానికి ఇటుకలు లెక్కపెట్టండి. గోడకు సిమెంటు పూత లేకపోతే అదే పెద్ద స్కేలు. పుస్తకంలో ఇటుక కొలత వేరు, మన బట్టీల ఇటుక వేరు. అందుకని పది వరుసలు ఒక్కసారి కొలిచి పదితో భాగించండి. సున్నం కీలుతో సహా ఒక వరుస ఎత్తు తేలుతుంది. తర్వాత చూరు దాకా ఎన్ని వరుసలో లెక్కపెట్టడమే. పెంకులకూ ఇదే పద్ధతి.

పాత ఫొటో మాత్రమే మిగిలితే? అప్పుడు తెలిసిన వస్తువు ఒకటి పట్టుకోవాలి. ఉదాహరణకు తలుపు ఏడు అడుగులనుకుందాం. ఫొటోలో అది 28 మిల్లీమీటర్లు ఉంటే, అడుగు అంటే 4 మిల్లీమీటర్లు. అదే గోడలో చూరు 44 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే అసలు ఎత్తు 11 అడుగులు. తలుపు, చూరు ఒకే గోడ తలంలో ఉంటేనే ఈ లెక్క పనిచేస్తుంది. వెనక ఉన్న గోడ, ముందుకు పొడుచుకొచ్చిన వరండా ఈ లెక్కకు లొంగవు. ఇలాంటి ఫొటోలు ఎక్కడుంటాయి అంటే పెళ్ళి ఆల్బమ్‌లలో. పెళ్ళివారు రైలు దిగినప్పుడో, కొత్త కోడలిని తీసుకొస్తున్నప్పుడో తీసిన ఫొటోల్లో మనుషుల వెనక సగం స్టేషను కనిపిస్తుంది. మీ ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే ఈ దృష్టితో ఒక్కసారి తిరగెయ్యండి.

కూల్చకుండా మిగిలిన వాటి పొడవు, వెడల్పు ఉపగ్రహ చిత్రాల్లో కూడా దొరుకుతాయి. గూగుల్ ఎర్త్‌లో దూరం కొలిచే సాధనం ఉంది. అది చూపేది కప్పు అంచులను, గోడలను కాదు. చూరు ఎంత ముందుకొచ్చిందో తీసివేసుకోవాలి.

ఇక అన్నిటికన్నా విలువైన ప్లాను, అన్నిటికన్నా తొందరగా పోయేది, పెద్దల జ్ఞాపకం. మన డిప్లొమా విద్యార్థిని ఒకమ్మాయి తాతగారు ఆ చిన్న రైలు మార్గంలో పోర్టరుగా చేశారు. స్టేషను గది ఎంత ఉండేదని ఆ అమ్మాయి అడిగితే, "ఏమోనమ్మా, చిన్నదే" అన్నారట. అడుగుల్లో అడిగితే ఎవరు చెప్పగలరు? నేను ప్రశ్న మార్చి అడగమన్నాను. "తాతయ్యా, రాత్రి డ్యూటీలో మంచం ఎలా వేసుకునేవాడివి?" వెంటనే చెప్పారు. అడ్డంగా వేస్తే కాళ్ళ దగ్గర మనిషి ఓరగా దూరే సందు మిగిలేదట. ఇంట్లో ఇంకా వాడుతున్న నులక మంచం కొలిస్తే ఆరడుగులు. సందు అడుగున్నర. గది వెడల్పు ఏడున్నర అడుగులు వచ్చింది. టికెట్ల కిటికీ ఎంత ఎత్తు? "నా గుండెల దాకా." కొలిచారు. కుండ ఎక్కడ ఉండేది, లాంతర్లు ఎక్కడ తగిలించేవారు, వాన ఏ వైపు నుంచి లోపలికి కొట్టేది, అన్నీ ఆ మధ్యాహ్నమే వాకిట్లో సుద్దముక్కతో గీసుకున్నారు. లాంపు గది గురించి దసరా సెలవుల్లో అడుగుదామనుకున్నారు. దసరాకు ఆయన లేరు. ఆ అమ్మాయి నమూనాలో లాంపు గది ఉండవలసిన చోట ఖాళీ పలక మాత్రమే ఉంది. ఊహించి కట్టవద్దని ఆమే అంది. నేనూ సరేనన్నాను.

కొలతలు వచ్చాక ఏ నిష్పత్తిలో గీయాలన్నది తేల్చుకోవాలి. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది 1:87, అంటే అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు. మన చిన్న రైలు 762 మిల్లీమీటర్ల గేజ్‌ను 87తో భాగిస్తే 8.76 వస్తుంది. అంగట్లో దొరికే 9 మిల్లీమీటర్ల బుల్లి పట్టాలు దానికి దాదాపు సరిపోతాయి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లకు ఆ అదృష్టం లేదు. 19 మిల్లీమీటర్ల పైచిలుకు కావాలి, దొరికేది పదహారున్నర. రైలు నడిపే ఉద్దేశం లేనివారికి ఈ గొడవే లేదు. కట్టడం ఒక్కటే చేసేవారికి నేను 1:50 చెబుతాను. మీటరుకు రెండు సెంటీమీటర్లు. జామెట్రీ బాక్సులోని స్కేలు చాలు. 12 మీటర్ల స్టేషను 24 సెంటీమీటర్లలో, మామూలు తెల్లకాగితం పొడవులో ఇమిడిపోతుంది.

ప్లాట్‌ఫారం సంగతి వేరు. 24 పాత నీలం పెట్టెల రైలు అర కిలోమీటరు దాటుతుంది. 1:87లో చేసినా ఆరు మీటర్లు. మన ఇళ్ళలో ఎక్కడ పెడతాం? అందుకని పొడవు కుదించవచ్చు. పది కిటికీలుంటే ఆరు పెట్టండి. కాని కిటికీ పరిమాణం, తలుపు ఎత్తు, ప్లాట్‌ఫారం ఎత్తు తగ్గించకూడదు. ఎత్తు ప్లాట్‌ఫారాలు పట్టాల మీద నుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు, మధ్యరకం 455 మిల్లీమీటర్లు ఉంటాయి. ఈ అంకె తప్పితే ఎంత నునుపుగా చేసినా చూసేవారికి ఏదో తేడాగా ఉందనిపిస్తుంది.

బొమ్మ గీసే తీరు నేర్చుకోవడానికి మాత్రం అమెరికా వారి కాగితాలు చూడమంటాను. 1933లో అక్కడ ఆర్థికమాంద్యంలో పని లేని ఆర్కిటెక్టులకు ప్రభుత్వం పాత కట్టడాలు కొలిచి గీసే పని ఇచ్చింది. ఆ బొమ్మలు వారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. రైల్వే స్టేషన్లూ ఉన్నాయి. ప్లాను, ఎదురు చూపు, కోత చూపు ఒకే షీటులో ఎలా అమర్చారో, కొలత గీతలు ఎక్కడ పెట్టారో చూడండి. స్టేషను ఒక్కటే గొప్ప అనుకోవద్దు. రైల్వే కార్మికోద్యమంలో పేరు పొందిన వి.వి.గిరి గారు 1894లో మన బరంపురంలో పుట్టారు. ఆయన ఎవరి కోసం పోరాడారో ఆ కార్మికుల క్వార్టర్లు కూడా కొలవదగినవే, పైగా చిన్నవి, మొదటిసారికి సులువు.

సామగ్రికి డబ్బు పెట్టనక్కరలేదు. పాత శుభలేఖల అట్ట గోడలకు, కొబ్బరి ఈనెలు కిటికీ కడ్డీలకు, అగరుబత్తి పుల్లలు వాసాలకు. సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టడానికి ఇంతకన్నా మంచి బొమ్మ లేదు. ఆర్కిటెక్చర్ చదవాలనుకునేవారికి ఇంకో లాభం ఉంది. కట్టడాన్ని కొలిచి గీయడం ఆ కోర్సులో ఎలాగూ చేయించే పని, ముందే చేతికి అలవాటవుతుంది. డిప్లొమా సివిల్ వారికి, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ వారికి సరేసరి.

ఒక మనవి. గీసిన ప్రతి షీటు కింద కుడి మూలన కట్టడం పేరు, ఊరు, కొలిచిన తేదీ, కొలిచినవారి పేరు రాయండి. టేపుతో కొలిచిన అంకెకు కింద గీత గియ్యండి, ఫొటో లెక్కతో వచ్చినదానికి చుక్కల గీత, పెద్దలు చెప్పినదానికి పక్కన 'చె' అని ఒక్క అక్షరం. ఒక నకలు మన కార్యాలయానికి పంపితే ఫైలులో పెడతాము. టేపు లేనివారికి ముప్పై మీటర్ల టేపు, రంగులు వేసిన కర్ర నా దగ్గర ఉన్నాయి, ఆదివారం ఉదయం వచ్చి తీసుకెళ్ళవచ్చు.