రిమోట్ కారుకు అల్యూమినియం పంజరం

రేడియో సంకేతాలతో నడిచే మోడల్ కార్లను చాలామంది పిల్లల బొమ్మలుగానే చూస్తారు. కానీ అసలు కారులో పదో వంతు పరిమాణంలో ఉండే ఈ బండ్లు గంటకు 40 కిలోమీటర్ల వేగాన్ని సులభంగా అందుకుంటాయి. మట్టిదిబ్బల మీంచి ఎగురుతాయి, మలుపుల్లో పల్టీలు కొడతాయి. బండి తలకిందులైనప్పుడు లోపలి భాగాలకు పైనున్న పల్చటి పాలీకార్బొనేట్ తొడుగే దిక్కు. ఆ తొడుగు కింద రిసీవర్, స్పీడ్ కంట్రోలర్, చక్రాలు తిప్పే సర్వో మోటారు, లిథియం బ్యాటరీ ఉంటాయి. మిగతావి విరిగితే నష్టం డబ్బుతో పోతుంది. లిథియం బ్యాటరీ నలిగితే మాత్రం మంటలు రావచ్చు.

అందుకే కొందరు అభిరుచిగల వాళ్లు ర్యాలీ కార్లలో ఉండే రోల్ కేజ్‌ను తమ చిన్న బండికీ తయారుచేసుకుంటారు. రోల్ కేజ్ అంటే బండి బోల్తా పడినప్పుడు లోపలి జాగా నలగకుండా కాపాడే గొట్టాల పంజరం. చూడటానికి నాలుగు గొట్టాలు వంచి అతికించినట్టే ఉంటుంది. చేయడానికి కూర్చుంటే లోహశాస్త్రం, యంత్రశాస్త్రం ఒక్కొక్కటిగా ఎదురవుతాయి.

ఉక్కా, అల్యూమినియమా?

ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 7.85 గ్రాములు. అల్యూమినియం సాంద్రత 2.7 గ్రాములు మాత్రమే. అయితే అల్యూమినియం ఉక్కుకన్నా మూడు రెట్లు తేలిగ్గా సాగుతుంది, వంగుతుంది. ఎంత తేలికో అంత మెత్తన అయినప్పుడు దానివల్ల లాభమేమిటి?

లాభం బరువు ఎక్కడుందన్న దానిలో ఉంది. 5 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు గోడ మందం ఉన్న గొట్టాలు మొత్తం 2 మీటర్లు వాడామనుకుందాం. అల్యూమినియం పంజరం 68 గ్రాములు తూగుతుంది, అదే కొలతలతో ఉక్కు పంజరం 197 గ్రాములు. ఇప్పుడు 2 కిలోల బండి తీసుకోండి. దాని గురుత్వ కేంద్రం నేల నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 28 సెంటీమీటర్లు. పంజరం బరువంతా సగటున 16 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుందనుకుంటే, అల్యూమినియంతో గురుత్వ కేంద్రం 6.3 సెంటీమీటర్లకు, ఉక్కుతో 6.9 సెంటీమీటర్లకు పెరుగుతుంది.

దీని ప్రభావం ఇంట్లోనే చూడొచ్చు. బండిని చెక్కపలక మీద అడ్డంగా నిలిపి పలక ఒక అంచును మెల్లగా ఎత్తండి. చక్రాలు జారిపోకుండా కింది వైపు సన్నటి బద్ద అడ్డుపెట్టాలి. పంజరం లేని బండి లెక్క ప్రకారం 67 డిగ్రీల వాలు దగ్గర బోల్తా పడాలి. అల్యూమినియం పంజరంతో అది 66 డిగ్రీలకు, ఉక్కు పంజరంతో 64 డిగ్రీలకు తగ్గుతుంది. నిజం బండిలో స్ప్రింగులు కూడా వంగుతాయి కాబట్టి ఇంకాస్త ముందే పడుతుంది. అంటే బోల్తా నుంచి కాపాడటానికి పెట్టిన పంజరమే బోల్తా పడే అవకాశాన్ని పెంచుతోంది. బండి పైభాగంలో పెట్టే ప్రతి గ్రాముకూ ఈ మూల్యం చెల్లించాలి. అల్యూమినియం ఆ మూల్యాన్ని తగ్గిస్తుంది.

నిండు కడ్డీ కన్నా బోలు గొట్టం మేలు

వెదురు బొంగు లోపల డొల్లగా ఉన్నా నిచ్చెనకు, పందిరి గుంజకు పనికొస్తుంది. ఏదైనా కడ్డీని వంచినప్పుడు దాని వెలుపలి అంచు సాగుతుంది, లోపలి అంచు నొక్కుకుపోతుంది. నడుమ ఉన్న పదార్థం మీద పెద్దగా ఒత్తిడి పడదు. అది మోసే భారం తక్కువ, దాని బరువు మాత్రం మనమే మోయాలి.

లెక్కలో చూద్దాం. 5 మిల్లీమీటర్ల నిండు అల్యూమినియం కడ్డీ 2 మీటర్లు 106 గ్రాములు తూగుతుంది. మనం తీసుకున్న గొట్టం బరువు అందులో 64 శాతమే. వంగకుండా నిలిచే దృఢత్వం మాత్రం 87 శాతం దక్కుతుంది. అలాగని గోడను మరీ పల్చన చేస్తే గొట్టం వంగడానికి ముందే సొట్టపడి మడతపడుతుంది.

చతురస్రానికి ఊగులాట, త్రిభుజానికి నిలకడ

నాలుగు ఐస్‌క్రీమ్ పుల్లల కొనలను గుండుసూదులతో కలిపి చతురస్రం చేయండి. మూలను నొక్కితే అది పక్కకు ఒరిగిపోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం చేస్తే ఎంత నొక్కినా ఆకారం మారదు. మూడు భుజాల పొడవులు ఖరారైతే త్రిభుజం ఒకే ఒక్క ఆకారంలో ఉండగలదు. దొడ్డి తలుపు చట్రానికి ఐమూలగా ఒక పట్టీ కొట్టడంలోని మర్మం ఇదే. 1974లో ప్రారంభమైన రాజమండ్రి గోదావరి రోడ్డు, రైలు వంతెనకు ఇరుపక్కలా కనిపించే ఉక్కు అల్లికలోనూ ఇదే సూత్రం ఉంది.

రోల్ కేజ్‌కు సీటు వెనక నిలబడే పెద్ద వంపు ఒకటి ఉంటుంది. దాన్ని మెయిన్ హూప్ అంటారు. ముందు అద్దం దగ్గర ఇంకో వంపు, రెండింటినీ కలుపుతూ పైకప్పు గొట్టాలు, వెనక్కి వాలుగా దిగే ఊతలు ఉంటాయి. ఇవన్నీ పెట్టాక కూడా మెయిన్ హూప్‌లో ఐమూల గొట్టం లేకపోతే పక్కనుంచి దెబ్బ తగిలినప్పుడు పంజరం పుల్లల చతురస్రంలాగే ఒరుగుతుంది. దెబ్బంతా అతుకుల మీద పడుతుంది. ఒక్క ఐమూల గొట్టం చేర్చితే అదే దెబ్బ గొట్టాల పొడవునా లాగుడుగా, నెట్టుడుగా మారిపోతుంది. లోహం వంపును తట్టుకోవడం కన్నా లాగుడును చాలా బాగా తట్టుకుంటుంది.

వంచడంలో చిక్కు

5 మిల్లీమీటర్ల గొట్టాన్ని 15 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో వంచితే దాని వెలుపలి అంచు దాదాపు 17 శాతం సాగాలి. గట్టిపరచిన 6061 అల్యూమినియం మిశ్రమం 12 శాతం చుట్టుపక్కల సాగగానే తెగే ప్రమాదం ఉంది. వ్యాసార్థాన్ని 25 మిల్లీమీటర్లకు పెంచితే సాగాల్సింది 10 శాతానికి తగ్గుతుంది. కాబట్టి మొదటి సూత్రం, వంపులు విశాలంగా ఉండాలి. గొట్టంలో సన్నటి పొడి ఇసుకను గట్టిగా కూరి, రెండు చివరలా బిరడాలు బిగించి, గుండ్రటి చెక్కదిమ్మ చుట్టూ నెమ్మదిగా వంచితే గోడ లోపలికి సొట్టపోదు.

వేడిచేసి మెత్తబరచడం ఇంకో దారి. ఇక్కడే అల్యూమినియం మోసం చేస్తుంది. ఇనుము కాలితే ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం రంగు మారకుండానే ఉండి ఒక్కసారిగా కూలిపోతుంది. 6061 మిశ్రమం సుమారు 580 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. అందుకే పనివాళ్లు గొట్టానికి సబ్బు రుద్ది వేడిచేస్తారు. సబ్బు నల్లబడగానే మంట తీసేస్తారు. అప్పటికి లోహం మెత్తబడటానికి కావలసిన వేడి అందుతుంది. వేడిచేసేటప్పుడు గొట్టంలో ఇసుక ఉండకూడదు. ఇసుకలో తేమ ఉంటే ఆవిరి పుట్టి బిరడాలు తూటాల్లా ఎగిరే ప్రమాదం ఉంది.

మెత్తబరిస్తే పోయేదేమిటో కూడా తెలియాలి. లోహం వంగడమంటే దాని స్ఫటికాల్లోని లోపాలు వరుసగా జరగడం. పెద్ద జంపఖానాను మొత్తంగా లాగలేం గానీ, ఒక చివర ముడత చేసి ఆ ముడతను తోసుకుంటూ పోతే జంపఖానా జరుగుతుంది. స్ఫటిక లోపాలు కదిలే తీరు అలాంటిదే. 6061లో మెగ్నీషియం, సిలికాన్ కలిసి ఏర్పడే అతిసూక్ష్మ కణాలు ఆ ముడతలకు అడ్డుపడతాయి. అల్యూమినియం మిశ్రమాలు ఇలా కాలక్రమంలో గట్టిపడతాయని 1906లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ విల్మ్ కనిపెట్టాడు. గొట్టాన్ని బాగా వేడిచేస్తే ఆ కణాలు పెరిగి, ఒకదానికొకటి దూరమై, అడ్డుకునే శక్తి కోల్పోతాయి. 6061 శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి 276 మెగాపాస్కల్స్ నుంచి 55కు, అంటే ఐదో వంతుకు పడిపోతుంది. కాబట్టి వంపు రావలసిన చోట మాత్రమే వేడి చేయాలి, తిన్నటి భాగాలను ముట్టుకోకూడదు. వీలైతే వంపులే లేకుండా తిన్నటి గొట్టాలను మూలల్లో దిమ్మెలతో కలపడం ఇంకా మంచిది.

అతుకు దగ్గరే అసలు పరీక్ష

గాలి తగిలిన అల్యూమినియం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర క్షణాల్లో ఏర్పడుతుంది. తుప్పు నుంచి కాపాడేది ఈ పొరే, అతుకు పట్టనివ్వనిదీ ఈ పొరే. లోపలి లోహం 660 డిగ్రీల దగ్గర కరిగితే, పైపొర కరగడానికి 2,000 డిగ్రీలకు పైగా కావాలి. మామూలు టంకం దీని మీద పూసలా జారిపోతుంది.

చిన్న పనులకు జింక్ ఆధారిత అతుకు కడ్డీలు దొరుకుతాయి. ఇవి సుమారు 400 డిగ్రీల దగ్గర కరుగుతాయి. ముందుగా ఒక గొట్టం చివరను ఆకురాయితో చేప నోరులా అరగదీసి, రెండో గొట్టం మీద సందు లేకుండా కూర్చోబెట్టాలి. అతుకు మీద స్టీలు బ్రష్షుతో గీస్తూ పొరను చీల్చాలి. అల్యూమినియంలో వేడి చాలా త్వరగా పాకుతుంది కాబట్టి, కొత్త అతుకు వేస్తుంటే పక్కనున్న పాత అతుకు ఊడిపోవచ్చు. దాని మీద తడిగుడ్డ చుట్టి ఉంచాలి. ఈ పనంతా గాలి ఆడేచోట, కళ్లద్దాలు పెట్టుకుని, బ్యాటరీని బండి నుంచి తీసి దూరంగా ఉంచి చేయాలి. మంట వద్దనుకుంటే 3 మిల్లీమీటర్ల మరలు, నైలాన్ పట్టు ఉన్న నట్లతో బిగించుకోవచ్చు. విరిగిన గొట్టాన్ని విడిగా మార్చుకునే వీలు కూడా ఉంటుంది.

రేడియో సంగతీ మరవొద్దు. ఈ బండ్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద నడుస్తాయి. ఆ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. రిసీవర్ యాంటెన్నాలో సంకేతం అందుకునేది సాధారణంగా చివరి 31 మిల్లీమీటర్లు, అంటే అందులో నాలుగో వంతు. ఆ ముక్కను లోహపు గొట్టానికి ఆనించి కట్టేస్తే సంకేతం బలహీనపడుతుంది. దాన్ని ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి పంజరానికి ఎడంగా నిలపాలి.

దెబ్బ ఎటు పోతుంది?

పంజరం ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకోవడం సహజం. 2 కిలోల బండి మీటరు ఎత్తు నుంచి తలకిందులుగా పడిందనుకోండి. దాని శక్తి దాదాపు 20 జౌళ్లు. పంజరం బిర్రుగా ఉండి 2 మిల్లీమీటర్లలోనే బండి ఆగిపోతే సగటున దాదాపు ఒక టన్ను బరువు మోపినంత బలం పడుతుంది. పంజరం, దాని కాళ్లు, కింది రబ్బరు వాషర్లు కలిసి 2 సెంటీమీటర్ల మేర లొంగితే ఆ బలం 100 కిలోలకు తగ్గుతుంది. శక్తి అంతే, దూరం పెరిగితే దెబ్బ తగ్గుతుంది.

కాబట్టి మంచి పంజరంలో రెండు గుణాలు ఉండాలి. బ్యాటరీ, రిసీవర్ ఉన్న జాగా చుట్టూ అది లొంగకూడదు. అంచుల్లో, కాళ్ల దగ్గర కొంత లొంగాలి. ముందుగా ఏది వంగాలో తయారుచేసేవాడే నిర్ణయించకపోతే, ప్రమాదం నిర్ణయిస్తుంది.

పెద్ద బండికి ఇదే పంజరం ఎందుకు సరిపోదు?

బండిని పదో వంతుకు కుదిస్తే బరువు వెయ్యో వంతు అవుతుంది, గొట్టం అడ్డుకోత వైశాల్యం మాత్రం వందో వంతే అవుతుంది. అందుకే సొంత బరువు మోయడంలో చిన్న బండి పది రెట్లు గట్టిది. ఈ సూత్రాన్ని గెలీలియో 1638లోనే వివరించాడు. తర్వాతి కాలంలో మన దేశానికి వచ్చి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్, 1926 నాటి ఒక వ్యాసంలో జంతువుల పరిమాణాలకు ఇదే తర్కాన్ని అన్వయించాడు. అయితే వేగం సంగతి వచ్చేసరికి ఈ సౌకర్యం ఉండదు. ఒకే వేగంతో గోడను గుద్దితే, ప్రతి గ్రాము లోహం మింగాల్సిన శక్తి చిన్న బండిలోనైనా పెద్ద బండిలోనైనా ఒక్కటే.

మనిషి కూర్చునే బండికి ఉక్కునే ఎంచుకోవడానికి ఇదొక కారణం. ఉక్కు బాగా వంగి, శక్తిని మింగి కూడా తెగకుండా ఉంటుంది. గట్టిపరచిన అల్యూమినియాన్ని వెల్డింగ్ చేస్తే అతుకు చుట్టూ బలం దాదాపు సగానికి పడిపోతుంది. పైగా ఉక్కు ఒక హద్దు లోపు ఒత్తిడిని లెక్కలేనన్ని సార్లు భరిస్తుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న అదుర్లకూ ఎప్పటికో ఒకప్పుడు పగులు పుడుతుంది. 1969లో వచ్చిన పోర్షే 917 రేసు కారు చట్రాన్ని అల్యూమినియం గొట్టాలతోనే చేశారు. ఆ గొట్టాల్లో వాయువు నింపి ఉంచేవారు. పీడనం తగ్గితే ఎక్కడో పగులు వచ్చిందని అర్థం.

2007 నుంచి మన దేశంలో జరుగుతున్న బాహా ఎస్ఏఈ ఇండియా పోటీల కోసం ఇంజినీరింగ్ విద్యార్థులు తామే బండి తయారుచేసి నడుపుతారు. ఆ బండ్ల పంజరానికి నియమాల్లో ఇచ్చిన ప్రమాణం 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం, కనీసం 0.18 శాతం కార్బన్ ఉన్న ఉక్కు గొట్టం. మన ఊళ్లలో చెరువుగట్ల మీద, కాలవల ఒడ్డున ట్రాక్టర్లు తిరగబడి మనుషులు చనిపోయిన వార్తలు తరచూ చూస్తూనే ఉన్నాం. డ్రైవరు చుట్టూ నలగని జాగా మిగిల్చే ఇలాంటి చట్రాన్ని స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు తప్పనిసరి చేసింది. సీటు బెల్టు కూడా తోడైతే డ్రైవరు ఆ జాగాలోనే ఉంటాడు, ప్రాణంతో బయటపడతాడు.

68 గ్రాముల పంజరం చేసిన విద్యార్థికి ఆ ట్రాక్టరు చట్రం కొత్తగా అనిపించదు. ఐమూల గొట్టం ఎందుకుందో, కాళ్లు ఎక్కడ బిగించారో, ఏది ముందు వంగుతుందో చూడగానే పోల్చుకుంటాడు. అది లేని ట్రాక్టరును చూసినప్పుడు ఏం లోపించిందో కూడా అతనికి తెలుస్తుంది.