భాషోపాధ్యాయుల వృత్తి నైపుణ్యాభివృద్ధి: శిక్షణావకాశాలు, వాటి వినియోగం

హైదరాబాదు: పాఠశాలలో ఏ విషయాన్ని బోధించాలన్నా భాషే సాధనం. చదివి అర్థం చేసుకోలేని విద్యార్థికి గణితంలోని రాత లెక్క కూడా భాషా సమస్యగానే మిగిలిపోతుంది. అందువలన తెలుగు, హిందీ, ఆంగ్లం, ఉర్దూ బోధించే ఉపాధ్యాయుల నైపుణ్యం ఆ ఒక్క పీరియడుకు పరిమితమైన అంశం కాదు. ఈ ఉపాధ్యాయుల వృత్యంతర శిక్షణకు హైదరాబాదులోను, దక్షిణాదిలోని ఇతర నగరాలలోను ప్రముఖ సంస్థలు దశాబ్దాలుగా కృషి చేస్తున్నాయి. అయితే అవి వేర్వేరు యాజమాన్యాల కింద ఉండడం వలన వాటి సమాచారం మండల స్థాయి వరకు ఒకే రీతిలో చేరడం కష్టం. అర్హులైన ఉపాధ్యాయులకు ఈ అవకాశాలు అందాలంటే అధికారులు, ప్రధానోపాధ్యాయులు వాటి స్వరూపాన్ని తెలుసుకొనడం అవసరం.

ఒక్కసారి పొందిన శిక్షణ చాలదు

బి.ఎడ్. లేదా భాషా పండిత శిక్షణ పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయుడు సుమారు మూడు దశాబ్దాలు బోధిస్తాడు. ఈ కాలంలో పాఠ్యపుస్తకాలు, పరీక్షా విధానం, తరగతిలోని పిల్లల నేపథ్యం మారుతూనే ఉంటాయి. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం తరగతిలోని బహుభాషా స్థితిని లోపంగా కాక వనరుగా చూడాలని సూచించింది. 2020 నాటి జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడు ఏడాదికి కనీసం 50 గంటల నిరంతర వృత్తి వికాస కార్యక్రమాలలో పాల్గొనాలని పేర్కొన్నది. ఆ 50 గంటలు ఏ అంశంపై వెచ్చించాలన్నదే భాషోపాధ్యాయుల విషయంలో ముఖ్యమైన ప్రశ్న. అన్ని పాఠ్యాంశాలవారికీ ఉమ్మడిగా జరిపే శిక్షణ అవసరమే అయినా, ఉచ్చారణ, పఠనం, రచన వంటి భాషా నైపుణ్యాలపై ప్రత్యేక శిక్షణకు అది ప్రత్యామ్నాయం కాదు.

తెలుగు: కొత్త విద్యార్థులు, కొత్త అవసరాలు

తెలుగు బోధనలో నేడు రెండు రకాల విద్యార్థులపై ప్రత్యేక శ్రద్ధ అవసరమవుతున్నది. ఇంట గోండి, కోలామి, కోయ, లంబాడా భాషలు మాట్లాడే పిల్లలు మొదటి వర్గం. వీరికి బడిలోని తెలుగు దాదాపు ద్వితీయ భాష. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రారంభమైన మాతృభాషాధారిత బహుభాషా విద్యా కార్యక్రమం ఈ అవసరాన్ని గుర్తించే రూపొందింది. రెండవ వర్గం ఇతర భాషా కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు. 2018 నాటి చట్టం తెలంగాణలో కేంద్రీయ, ఇతర బోర్డుల పాఠశాలలు సహా అన్నింటిలో తెలుగు బోధనను తప్పనిసరి చేయగా, 2018-19లో ఒకటి, ఆరు తరగతులతో దశలవారీ అమలు మొదలైంది. తెలుగు తెలిసిన పిల్లలకు పద్యం బోధించడం ఒక విద్య. అక్షరమే తెలియని ఆరవ తరగతి విద్యార్థికి మాట నేర్పడం మరొక విద్య. సాహిత్యంలో ఎంత పాండిత్యమున్నా రెండవదానికి ద్వితీయ భాషా బోధన పద్ధతులు తెలియాలి.

ఈ పద్ధతులపై విశేష అనుభవం గల సంస్థ మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ. 1969లో ఏర్పడిన ఈ సంస్థకు అనుబంధంగా మైసూరు, పుణె, భువనేశ్వర్, పటియాలా తదితర నగరాలలో ప్రాంతీయ భాషా కేంద్రాలున్నాయి. పనిలో ఉన్న ఉపాధ్యాయులకు మరొక భారతీయ భాషను నేర్పే పది నెలల డిప్లొమా కోర్సు వీటి ప్రత్యేకత. మైసూరు కేంద్రంలో ఇతర రాష్ట్రాల ఉపాధ్యాయులు తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నేర్చుకున్నారు. కొత్త భాషను అక్షరం నుంచి నేర్చుకొనే ఉపాధ్యాయునికి విద్యార్థి ఎదుర్కొనే ఇబ్బంది స్వయంగా బోధపడుతుంది.

హిందీ: వ్యాకరణమే అసలు పరీక్ష

తెలుగు మాధ్యమ ప్రభుత్వ పాఠశాలలలో హిందీ బోధన ఆరవ తరగతిలో మొదలవుతుంది. తెలుగు పిల్లలకు ఎదురయ్యే మొదటి చిక్కు లింగ భేదం. తెలుగులో నిర్జీవ వస్తువులన్నీ అమహద్వాచకాలే. హిందీలో 'కితాబ్' స్త్రీలింగం, అదే అర్థమిచ్చే 'గ్రంథ్' పుంలింగం. రాముడు రొట్టె తిన్నాడు అనేటప్పుడు తెలుగులో క్రియ రాముణ్ణి అనుసరిస్తుంది. 'రామ్ నే రోటీ ఖాయీ' అనేటప్పుడు హిందీలో క్రియ రొట్టెను అనుసరిస్తుంది. నియమాన్ని వల్లె వేయించడం కంటె రెండు భాషలను పోల్చి చూపడం ఇక్కడ ఫలితమిస్తుంది.

ఈ తరహా బోధనలో ఆగ్రా ప్రధాన కేంద్రంగా గల కేంద్రీయ హిందీ సంస్థాన్ అగ్రగామి. హైదరాబాదులోని దాని కేంద్రం హిందీయేతర రాష్ట్రాల హిందీ ఉపాధ్యాయులకు స్వల్పకాలిక పునశ్చరణ తరగతులు నిర్వహిస్తున్నది. 1918లో మహాత్మా గాంధీ చొరవతో ఆరంభమై, 1964లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొందిన దక్షిణ భారత హిందీ ప్రచార సభ తన పరీక్షల ద్వారా, శిక్షణ కళాశాలల ద్వారా ఎందరో హిందీ ఉపాధ్యాయులను తీర్చిదిద్దింది.

ఆంగ్లం, విదేశీ భాషలు

ఆంగ్ల బోధనా శిక్షణకు హైదరాబాదు దేశంలోనే ముఖ్య కేంద్రం. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా ప్రారంభమై, తరువాత విదేశీ భాషలను చేర్చుకొని సీఫెల్‌గా పేరు పొందిన సంస్థ 2007లో ఇఫ్లూ పేరిట కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఆంగ్ల బోధనలో పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ కోర్సును ఇది దూరవిద్యా విధానంలో అందించడం వలన ఎందరో ఉపాధ్యాయులు ఉద్యోగం చేస్తూనే చదువుకోగలిగారు. దక్షిణాది రాష్ట్రాల కొరకు 1963లో బెంగళూరులో నెలకొల్పిన ప్రాంతీయ ఆంగ్ల సంస్థ పాఠశాల ఉపాధ్యాయులకు నెల రోజుల నివాస శిక్షణ ఇస్తూ వచ్చింది.

ఇలాంటి శిక్షణలో ధ్వనిశాస్త్రానికి ప్రముఖ స్థానముంటుంది. 'రికార్డ్' అనే మాట నామవాచకమైనప్పుడు మొదటి అక్షరాన్ని, క్రియ అయినప్పుడు రెండవ అక్షరాన్ని ఊనిక పెట్టి పలకాలన్న విషయం పుస్తకం చదివితే తెలుస్తుంది కాని నోటికి రాదు. విని, పలికి, సరిదిద్దుకొనే సాధన కావాలి. తెలంగాణలోని ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 నుంచి ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టిన తరువాత ఈ అవసరం గణితం, సామాన్య శాస్త్రం బోధించేవారికి సైతం విస్తరించింది. విదేశీ భాషల విషయానికి వస్తే, అరబిక్, ఫ్రెంచి, జర్మన్, రష్యన్, స్పానిష్, జపనీస్ మొదలైన భాషల అధ్యయనానికి ఇఫ్లూలోనే ఏర్పాట్లున్నాయి.

ఉర్దూ

1998లో హైదరాబాదులో నెలకొల్పిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుల వృత్తి వికాసానికి ప్రత్యేక కేంద్రం ఉంది. ఉర్దూ మాధ్యమంలో శిక్షణ సామగ్రి పరిమితంగా లభించే పరిస్థితిలో ఈ కేంద్రం సేవలను జిల్లా అధికారులు వినియోగించుకొనడం సముచితం.

జిల్లా స్థాయిలోను, అంతర్జాలంలోను

రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ, 1986 నాటి జాతీయ విద్యా విధానం మేరకు ఏర్పడిన జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉపాధ్యాయునికి అతి సమీపంలోని వేదికలు. 2017లో ప్రారంభమైన దీక్షా వేదిక, 2019లో మొదలై మరుసటి సంవత్సరం అంతర్జాలానికి మారిన నిష్ఠా కార్యక్రమం ఇంటి వద్దనే శిక్షణకు వీలు కల్పించాయి. పద్ధతులను తెలుసుకొనడానికి అంతర్జాల పాఠాలు ఉపయోగకరం. ఉచ్చారణ, సంభాషణ, తరగతి నిర్వహణ వంటివి మాత్రం ఎదురెదురుగా కూర్చొని సాధన చేయవలసిన అంశాలు. మండలంలోని హిందీ లేదా ఆంగ్ల ఉపాధ్యాయులందరూ కలిసే కాంప్లెక్స్ సమావేశం అటువంటి సాధనకు అనువైన చోటు. ఒకరు పాఠం చెప్పి, ఇతరులు పరిశీలించి చర్చించే పద్ధతికి ప్రత్యేక వ్యయం కూడా అవసరం లేదు.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

ఉన్నత పాఠశాలలో హిందీ ఉపాధ్యాయుడు ఒక్కరే ఉంటే, ఆయన నెల రోజులు శిక్షణకు వెళ్లినప్పుడు ఆరు నుంచి పది వరకు ఐదు తరగతులలో హిందీ బోధన నిలిచిపోతుంది. అందుచేత ఉపాధ్యాయుని రిలీవ్ చేయడానికి ప్రధానోపాధ్యాయులు వెనుకాడటం సహజం. విద్యార్థి నష్టపోరాదన్న వారి ఆందోళన న్యాయమైనదే. అలాగని శిక్షణ నిరాకరిస్తే ఆ ఐదు తరగతుల పిల్లలు ప్రతి సంవత్సరం ఆ లోటును భరించవలసి వస్తుంది. ఈ సమస్యకు పరిష్కారం ముందస్తు ప్రణాళిక. విద్యా సంవత్సరం ఆరంభంలోనే శిక్షణ తేదీలను తెలుసుకొని, సమీప పాఠశాలల నుంచి వారానికి కొన్ని పీరియడ్లు సర్దుబాటు చేయవచ్చు. పదవ తరగతి పునశ్చరణ సాగే నెలలను మినహాయించవచ్చు. వేసవి సెలవులలో శిక్షణకు హాజరైనవారికి నిబంధనల మేరకు లభించే సంపాదిత సెలవును సకాలంలో సర్వీసు రిజిస్టరులో నమోదు చేస్తే స్వచ్ఛందంగా ముందుకు వచ్చేవారు పెరుగుతారు.

జిల్లా కేంద్రానికి దగ్గరగా ఉన్నవారే పదే పదే శిక్షణ పొందకుండా, ఎవరు ఎప్పుడు ఏ కోర్సుకు హాజరయ్యారో తెలిపే జాబితాను భాషలవారీగా నిర్వహించడం అవసరం. మారుమూల మండలాలవారికి, ఆశ్రమ పాఠశాలలవారికి ప్రాధాన్యం లభించడానికి ఇదే మార్గం. శిక్షణ పొంది వచ్చిన ఉపాధ్యాయునితో తదుపరి కాంప్లెక్స్ సమావేశంలో నమూనా పాఠం చెప్పిస్తే ఒకరు పొందిన ప్రయోజనం పది మందికి చేరుతుంది.

శిక్షణ పొందినవారి సంఖ్య నివేదికలకు ఉపయోగపడుతుంది కాని, అదొక్కటే ప్రగతికి కొలమానం కాజాలదు. ఆరు నెలల అనంతరం ఆ తరగతిలోని పిల్లలు కొత్త పేరాను తమంతట తాము చదివి అర్థం చెప్పగలుగుతున్నారా, నాలుగు మాటలు తడబడకుండా మాట్లాడగలుగుతున్నారా అన్నదే అసలు పరీక్ష. తనిఖీకి వెళ్లే అధికారులు ఈ ప్రశ్నలు వేసినప్పుడు, పాత్రికేయులు వీటిని తమ కథనాలలో ప్రస్తావించినప్పుడు, శిక్షణపై వెచ్చించే ధనం, కాలం సార్థకమవుతాయి.