మంద దిగే ముందు కుక్కకు నట్టల మందు

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు కోతలయ్యాక ఎరువు కోసం గొర్రెల మందను రాత్రిళ్లు పొలంలో ఆపించుకుంటాం. వెంట వచ్చే కుక్కను మాత్రం పట్టించుకోం.

గొర్రెను కోసినప్పుడు నీటి బుడగలున్న కాలేయం కుక్కకు వేస్తే, దాని పేగుల్లో బద్దె పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో నేలలో పడతాయి. ఆ మడిలోని కొత్తిమీర సరిగ్గా కడగకుండా పచ్చిగా తింటే మన కాలేయంలోనూ అవే బుడగలు! ఏళ్ల తరబడి తెలియదు, ముదిరితే ఆపరేషనే. మాంసం ముట్టనివాళ్లకూ వస్తుంది. అక్కడ మేసిన గొర్రెకూ అంతే. ఇంకో రకం బద్దె పురుగైతే గొర్రె మెదడులో బుడగ కడుతుంది; అది గిరగిరా తిరిగి పడిపోతుంది.

2014లో ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ కలిసి తిండి ద్వారా వచ్చే 24 పరాన్నజీవులకు ర్యాంకులిస్తే, పంది బద్దె పురుగు మొదటిది, కాలేయంలో బుడగలు కట్టే ఈ కుక్క బద్దె పురుగు రెండోది.

మందులు కొట్టని కూర అని నమ్మి జనం మన దగ్గర కొంటారు. జీవామృతం ఈ గుడ్లను చంపేస్తుందని అనుకోవద్దు. నేను పాటించేవి ఇవి:

1. బుడగలున్న కాలేయం, ఊపిరితిత్తులు, జబ్బు గొర్రె తలకాయ కుక్కకు వేయకుండా కాల్చడం, లేదా లోతుగా పూడ్చడం.
2. పశువైద్యుడిని అడిగి కుక్కకు మూడు నెలలకోసారి ప్రాజిక్వాంటెల్ మాత్ర. ఆ రెండు మూడు రోజులు కట్టేసి, మలం పూడ్చాలి.
3. ఆకుకూర మడికి కంచె.

మాత్ర వేసే పద్ధతి వీడియోలో చూపించాను. ఈసారి మంద మాట్లాడుకునేటప్పుడు, కుక్కకు మందు వేశారా అని కూడా అడగండి.