ఇరుసు మీద పడే బరువే కీలకం

ఎక్స్‌కవేటర్లు, క్రేన్ల వంటి యంత్రాలను మోసే ట్రైలర్లకు చట్టం రెండు హద్దులు పెట్టింది. ఒకటి బండి, సరుకు కలిపిన మొత్తం బరువు. రెండోది ఒక్కో ఇరుసు మీద పడే బరువు. కేంద్రం 2018లో సవరించిన పరిమితుల ప్రకారం నాలుగు టైర్ల ఇరుసు మీద 11.5 టన్నులు, ఎనిమిది టైర్ల జంట ఇరుసుల మీద 21 టన్నులు మించకూడదు. ఈ కట్టడికి బలమైన కారణం ఉంది: ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లవుతుంది.

హద్దు మీరితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000 పడతాయి. అదనపు సరుకు దించేదాకా బండి కదలకూడదు. విడదీయడానికి వీల్లేని భారీ యంత్రాన్ని మాత్రం బరువును ఎక్కువ ఇరుసులకు పంచే హైడ్రాలిక్ ట్రైలర్ మీద, ముందుగా అనుమతి తీసుకుని తరలిస్తారు.