రోజుకు రెండొందల బంతులు కొట్టి తప్పు నేర్చుకున్న

గోల్ఫ్ అంటే మన ఊళ్లల్ల చాలామందికి నవ్వులాట. టోపీ పెట్టుకుని, చిన్న బంతి ఎనుక నడుసుకుంట పోయే పైసలున్నోళ్ల ఆట అంటరు. నేను సుత గట్లనే అనుకున్న. ఇంటర్ అయినంక హైదరాబాద్ శివార్ల ఒక గోల్ఫ్ కోర్సుల క్యాడీ పనికి కుదిరిన. క్యాడీ అంటే ఆడెటోళ్ల బ్యాగు మోసెటోడు. ఒక్క బ్యాగుల 14 కర్రల దాక ఉంటయి, అంతకు మించి పెట్టుకోవద్దని రూలు. పద్దెనిమిది గుంతలు తిరిగేసరికి భుజం గుంజుతది. నాలుగేండ్లు మోసిన. మోసుకుంటనే ఆడుడు నేర్చుకున్న. ఎట్ల నేర్చుకున్ననో చెప్పేకంటె, మొదటి ఎనిమిది నెలలు ఎట్ల చెడగొట్టుకున్ననో చెప్తేనే మీకు పనికొస్తదని గీ ముచ్చట రాస్తున్న.

మా కోర్సుకు సోమవారం సెలవు. ఆ ఒక్క రోజు క్యాడీలను ఆడనిచ్చెటోళ్లు. మిగిలిన రోజులల్ల పొద్దుగూకే యాళ్లకు పాత బంతులు ఏరుకొచ్చి ఒక మూలకు కొట్టుకునేది. రోజుకు రెండొందలు. ఒక సారు ఇడిసిపెట్టిన ఏడో నంబరు ఐరన్ కర్ర ఒక్కటే నాకు దిక్కు. అరచేతులు బొబ్బలెక్కినయి, పగిలినయి, కాయలు కాసినయి. బంతి మాత్రం లేసుడు మంచిగనే లేసి, సగం దూరం పోయినంక కుడిదిక్కు వంగేది. దీన్ని స్లైస్ అంటరు. ఎనిమిది నెలలైనంక సూస్తే ఆ వంపు తగ్గలే, ఇంకింత పెరిగింది.

కష్టపడితే రానిది లేదని చిన్నప్పటి సంది ఇంటనే ఉన్నం కద. నేను కష్టపడ్డ. వచ్చింది కూడ. స్లైస్ పక్కాగ వచ్చింది, నిద్రల లేపి కొట్టుమన్నా అదే కొడుదును.

ఎందుకట్లయితదో జర ఇనుండ్రి. కర్రను పైకెత్తినంక కిందికి దించి బంతిని తాకే దాక పట్టే టైం సుమారు పావు సెకను. కర్రకు బంతికి తాకుడు ఉండేది సెకన్ల వెయ్యో వంతుల సగం. కండ్లతోని సూసి, తప్పని తెలుసుకుని, చేతిని మర్లేసేటందుకు మనిషికి దగ్గర దగ్గర ఐదో వంతు సెకను కావాలె. అంటే స్వింగ్ మొదలైనంక మధ్యల దాన్ని సదురుకునే మోక లేనట్టే. కొట్టినంకనే తెలుస్తది. తెలిసింది సరిగ్గ సదువుకుంటెనే ఇంకో బంతికి పనికొస్తది. కర్ర మొఖం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా, 200 గజాల కాడికి పోయేసరికి మూడున్నర గజాలు తేడా వస్తది.

ఇగ రెండో ఇబ్బంది మన ఒళ్లే. అలవాటైన తప్పు సక్కగ ఉన్నట్టు అనిపిస్తది. కర్ర పట్టుకునే తీరు వేలెడంత మార్చుండ్రి, ఎవరిదో చెయ్యి తెచ్చి అతికిచ్చినట్టయితది. అందుకే "నాకు మంచిగనే అనిపిస్తుంది" అనే మాటను ఈ ఆటల నమ్మొద్దు.

మా కాడ ఒక ముసలి క్యాడీ ఉండె. అందరం కాకా అనెటోళ్లం. ఒకనాడు నా ఎనుక నిలబడి పదిహేను బంతులు సూసిండు.

"కొట్టినంక ఏం సూస్తున్నవ్‌రా?"

"బంతి ఏడ పడ్డదో సూస్తున్న కాకా."

"పడ్డ కాడ కాదు బిడ్డా, లేసిన కాడ సూడు."

ఆయన జేబుల కెళ్లి మొఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి, నా కర్ర మొఖం మీద ఇంత జల్లిండు. కొట్టినంక పౌడరు మీద బంతి అచ్చు పడ్డది. నడుమ పడాల్సింది మొన దిక్కు పడ్డది. ఇంకోటి కొట్టిన, మల్ల మొన. ఎనిమిది నెలల సంది నేను బంతిని నడుమనే కొడుతున్న అనుకున్న.

ఇప్పుడు బంతి వంగే లెక్క. బంతి మొదట ఏ దిక్కు లేస్తదనేది ఎక్కువ కర్ర మొఖం మీద ఆధారపడి ఉంటది. ఆనంక ఎటు వంగుతదనేది, కర్ర మొఖానికి కర్ర ఊగిన దారికి మధ్య తేడా మీద ఉంటది. పాత పుస్తకాలల్ల దీన్ని ఉల్టా రాసిండ్రు, కర్ర ఊగిన దారిలనే బంతి లేస్తదని. రాడార్ మిషన్లు వచ్చి కొలిసినంక ఆ మాట తప్పని తేలింది. మిషన్ లేని కాక కండ్లతోనే పట్టిండు.

నా బంతి కొంచెం ఎడమకు లేసి కుడికి వంగేది. అంటే తాకినప్పుడు కర్ర మొఖం కొంచెం ఎడమకు ఉన్నది, కర్ర ఊగే దారి అంతకంటె ఎక్కువ ఎడమకు ఉన్నది. నేనేం చేసిన? బంతి కుడికి పోతుంది కదా అని రోజురోజుకు ఇంకింత ఎడమకు గుంజిన. గుంజినకొద్ది తేడా పెరిగింది, వంపు పెరిగింది. ట్రాక్టర్ ఎనుక ట్రాలీ కట్టి రివర్స్ తీసినోళ్లకు ఇది ఎమ్మటే సమజైతది. ట్రాలీ కుడికి మలగాలంటె స్టీరింగ్ ఎడమకు తిప్పాలె. తెల్వనోడు ట్రాలీ పోవాల్సిన దిక్కే తిప్పుతడు, మొత్తం అడ్డం తిరుగుతది. నేను ఎనిమిది నెలలు గదే చేసిన.

దవా మాత్రం పైస ఖర్చు లేనిది. బంతికి అవతలి పక్క, జానెడు ఎడంతోని, కొంచెం ఎనుకకు నా చెప్పు పెట్టిండు. కర్ర బయటి కెళ్లి లోపలికి కోసుకుంట వస్తె చెప్పుకు తాకుతది. తాకకుండ కొట్టాలె, అంతే. మోచెయ్యి ఎట్లుండాలె, నడుము ఎట్ల తిప్పాలె అని ఒక్క మాట చెప్పలే. గిట్ల ఒంటి మీద కాకుండ బయటి దాని మీద ధ్యాస పెడితే మంచిగ వస్తదని 1999ల గాబ్రియెల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు, ఆమెతోటోళ్లు గోల్ఫ్ కొత్తగ నేర్చుకునేటోళ్ల మీదనే చేసిన పరీక్షల తేలింది. చేతుల మీద కాకుండ కర్ర ఊగుడు మీద ధ్యాస పెట్టినోళ్లు బాగ కొట్టిండ్రు.

మొదటి పది రోజులు ఘోరం. బంతులు దిక్కుకొకటి పోయినయి. తోటి క్యాడీలు నవ్విండ్రు. నాకైతే పాత స్లైసే నయమనిపిచ్చింది, కనీసం అది ఎటు పోతదో ఎరికుండె. చాలామంది ఇడిసిపెట్టేది ఈ పది రోజులల్లనే అని ఇప్పుడనిపిస్తది.

కాక ఇంకో రెండు కట్టుబాట్లు పెట్టిండు. రోజుకు రెండొందలు బంద్, నలభయ్యే. ఒకే గురి మీదికి రెండు బంతులు వరుసగ కొట్టొద్దు. ఒకటి దూరం, ఒకటి దగ్గర, ఒకటి చెట్టు దిక్కు. నాకు కోపమొచ్చింది, ఎందుకంటే ఒకే తీరు కొడితే పదో బంతికల్ల సక్కగ అయితుండె. కానీ అది ఆ సాయంత్రం మందమే. తెల్లారితె మల్ల మొదటికే. 1979ల అమెరికాల షే, మోర్గన్ అనే ఇద్దరు చేతి కదలికల మీద ఒక పరీక్ష చేసిండ్రు. ఒకే పని వరుసగ చేసినోళ్లు నేర్చుకునేటప్పుడు ముందున్నరు. పనులు కలిపి కలిపి చేసినోళ్లు అప్పుడు ఎనుకబడ్డా, తర్వాత పరీక్ష పెడితె వాళ్లకే ఎక్కువ యాదికున్నది. కాక ఈ కాయితాలేవీ సదువలే.

రెండో కట్టుబాటు నాకు ఇంకా నచ్చింది. కొట్టినంక కర్ర మొఖం సూసే ముందు, అచ్చు ఏడ పడ్డదో నేనే చెప్పాలె. "ముందు నువ్వు చెప్పు, అప్పుడు సూద్దాం." మొదట్ల పదిట్ల మూడు కూడ సరిగ్గ చెప్పలే. రెండు నెలలకు పదిట్ల ఏడెనిమిది చెప్తుంటి. ఇగ అప్పటి సంది పౌడరు డబ్బా అవసరం తగ్గింది. ప్రతి బంతికి ఎవరో ఒకరు చెప్పాలె అంటె, వాళ్లు లేని రోజు మనం గుడ్డోళ్లమే కదా.

దసరకు ఊరికొచ్చినప్పుడు బంతి లేకుండనే నేర్చుకున్న. మా వాగుల ఇసుక మీద కర్రతోని ఒక గీత గీసి, గీత మీద బంతి ఉన్నదనుకుని ఊపేది. కర్ర ఇసుకను కోసే గుర్తు గీత కాడ మొదలై ముందుకు పోవాలె. నాది గీతకు నాలుగు ఇంచుల ఎనుకనే మొదలైంది, అంటే బరువు ఎనుక కాలు మీదనే ఉండిపోతుంది. గొర్లు కాసేటోళ్లు ఆగి సూసి, ఈనికేదో పట్టిందనుకున్నరు.

ఫోన్ సంగతి చెప్పాలె. స్లో మోషన్ వీడియో మస్తు పనికొస్తది, కానీ ఫోన్ పెట్టే జాగ తప్పితె అదే మోసం చేస్తది. గురి దిక్కు మొఖం చేసి, మన చేతులకు సక్కగ ఎనుక, చేతులంత ఎత్తుల పెట్టాలె. ఏటవాలుగ పెట్టి తీస్తె లేని తప్పు కనపడ్తది. యూట్యూబ్‌ల పది మంది పది తప్పులు చెప్తరు, పదీ మనకే ఉన్నయనిపిస్తది. ఒక్కసారి ఒక్కటే సదురుకోవాలె.

ఈ ఆట మనది కాదనే మాట మీద ఒకటి చెప్తా. అమెరికాల బెన్ హోగన్ కమ్మరి కొడుకు, చిన్నప్పుడు క్యాడీ పని చేసిండు. బంతి ఎడమకు వంగే జబ్బుతోని ఏండ్లకేండ్లు కొట్లాడిండు. 1949ల బస్సు గుద్ది ఒళ్లంత విరిగినా, 1950ల యూఎస్ ఓపెన్ గెలిచిండు. బెంగళూరు ముణియప్ప క్యాడీగ మొదలుపెట్టి 2009ల ఇండియన్ ఓపెన్ గెలిచిండు. వీళ్లకు చెయ్యి తిరిగింది మైదానం దగ్గరుండబట్టే. మన దిక్కు పిల్లలకు ఆ గేటు తీసేటోళ్లేరి? బ్యాగు మోసేటందుకు తీస్తరు, వారానికి ఒక సోమవారం తీస్తరు. దాని మీద నాకు ఇంకా కోపమే ఉన్నది.

ఇదంత గోల్ఫ్ కోసమే రాస్తలేను. మా చిన్నాయన కొడుకు కానిస్టేబుల్ ఈవెంట్స్‌ల షాట్‌పుట్ కాడ ఆగిపోయిండు. 2022 నోటిఫికేషన్‌ల మగోళ్లకు 7.26 కిలోల గుండు 6 మీటర్లు పడాలె. తమ్ముడు రోజు యాభై సార్లు ఇసిరెటోడు, ఐదున్నర దాటలే. "ఇంకా బలం పెంచాలె అన్నా" అనెటోడు. నేను పక్క కెళ్లి వీడియో తీసి సూపిచ్చిన. కాళ్లు కట్టేసినట్టు నిలబడి, ఉత్త చేతితోని గుండును ముందుకు నెడుతున్నడు, అది నేలబారుగ పోతుంది. ఆరు నెలలు అదే పక్కా చేసుకున్నడు. రెండు గుంజలు పాతి, మనిషి ఎత్తుకు పైన తాడు కట్టినం. గుండు తాడు మీదికెళ్లి పోవాలె, ఆరు మీటర్ల కాడ సున్నం గీత. ఇసిరినంక ఎంత పడ్డదో ముందు వాడే చెప్పాలె, ఆ తర్వాతనే టేపు పట్టాలె.

రోజుకు పదిహేనే ఇసురుతున్నడు. పోయిన వారం మూడు సార్లు గీత దాటింది. వానకు సున్నం కొట్టుకపోతే మల్ల పోసుకుంటున్నడు.